సర్కారు తుమ్మ కట్టె: సెగ, కోత, ఆరబెట్టడం, బొగ్గు

పెద్దపొయ్యి:
మెస్సులో గంగాళాలు పెట్టే కట్టెల పొయ్యిలు రెండున్నాయి. ఇన్నాళ్లూ సరుగుడు, దొరికినప్పుడు నల్ల తుమ్మ వాడుతున్నాం. ఇప్పుడు సర్కారు తుమ్మ (ఇంగ్లీషు తుమ్మ, చిల్లచెట్టు అనేదే) లోడ్లు తేలిగ్గా దొరుకుతున్నాయి. మారేముందు నాలుగు విషయాలు తెలియాలి. సెగ సరుగుడంత ఉంటుందా? పచ్చి లోడు వస్తే ఎన్నాళ్లు ఆరాలి? ఎంత లావున చీల్పించాలి? నిల్వ పెడితే పొడి రాలుతుందంటున్నారు, దానికి మార్గమేంటి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

చేవకట్టె:
సెగ సంగతి ముందు. బాగా ఎండిన ఏ కట్టె అయినా కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే, 4,400 నుంచి 4,800 కిలోకేలరీల మధ్య ఉంటుంది. జాతిని బట్టి మారేది బరువు. సర్కారు తుమ్మ ఘనమీటరుకు 700 నుంచి 900 కిలోలు తూగుతుంది. ముదురు మొద్దు, చేవ (లోపలి గట్టి చెక్క) ఎక్కువున్నది పై అంకెకు దగ్గరగా ఉంటుంది. సరుగుడు దీనికి సమానం, ఒక్కోసారి ఎక్కువ. నల్ల తుమ్మ ఇంచుమించు ఇంతే. సుబాబుల్, జామాయిల్ అంతకంటే తేలిక.

పొయ్యి నోట్లో పట్టేది ఘనపరిమాణం, కిలోలు కాదు. ఒకే పొయ్యి నిండా సుబాబుల్ పెట్టినా సర్కారు తుమ్మ పెట్టినా రెండోదానిలో ఎక్కువ కిలోలు పడతాయి కాబట్టి ఎక్కువసేపు మండుతుంది, వెనక నిప్పు కణికలు ఎక్కువ మిగులుతాయి. గంగాళానికి కావలసింది ఆ కణికల సెగే. మంట ఎగిసిపడి ఆరిపోయే కట్టెతో అన్నం అడుగంటుతుంది, పైన పలుకు మిగులుతుంది. సర్కారు తుమ్మ నిదానంగా, నిలకడగా కాలుతుంది. ఆ గుణంలో సరుగుడు పక్కన నిలబెట్టొచ్చు.

తేడా ఎక్కడంటే, సరుగుడు నిటారుగా పెరుగుతుంది, సమానమైన ముక్కలొస్తాయి. ఇది పొద. మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా విడిపోయి వంకర్లు తిరుగుతుంది. లోడులో లావు మొద్దులు, చేతికర్రంత కొమ్మలు, వేలంత పుల్లలు అన్నీ కలిసి వస్తాయి. వాటిని వేరు చేసుకోకుండా వాడితే ఈ కట్టె మంచిదో కాదో మీకు ఎప్పటికీ తేలదు.

బీడుభూమి:
పేరు విషయంలో చిన్న మాట. కొత్త పుస్తకాల్లో నెల్టుమా జూలిఫ్లోరా అని కనిపిస్తే కంగారు పడొద్దు. సర్కారు తుమ్మ శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరాను 2022లో శాస్త్రజ్ఞులు అలా మార్చారు. ఈ చెట్టు అమెరికా ఖండాలది. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేశారు. తెచ్చిందే వంటచెరకు కోసం. నీళ్లు లేని నేలలో, చౌడులో కూడా వంటకు కట్టె పుట్టించాలన్నది అప్పటి ఆలోచన. ఆ పని మటుకు చెట్టు చేసింది. చెరువు శిఖాలు (చెరువులో నీళ్లు నిలిచే నేల), బీళ్లు ఆక్రమించిన సంగతి వేరే చర్చ.

పెద్దపొయ్యి:
చేవకట్టె గారూ, కృతజ్ఞతలు. "ఇది పచ్చిదైనా మండుతుంది, ఆరబెట్టే పనే లేదు" అని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?

చేవకట్టె:
మండుతుంది. అంత మాత్రాన పచ్చిది వాడమని కాదు. లెక్క చూడండి.

అప్పుడే నరికిన సర్కారు తుమ్మలో మొత్తం బరువులో 35 నుంచి 45 శాతం నీళ్లు. మెత్తని జాతుల్లో సగానికి పైనే ఉంటాయి కాబట్టి వాటితో పోలిస్తే ఇది పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది. ఆ మాట అక్కడ పుట్టింది. కిలో పచ్చి కట్టెలో 40 శాతం నీళ్లు అనుకుంటే, మండే పదార్థం 600 గ్రాములే. దాని వేడి సుమారు 2,640 కిలోకేలరీలు. అందులోంచి 400 గ్రాముల నీళ్లను ఆవిరి చేయడానికి 240 పోతుంది. చేతికి వచ్చేది 2,400. అదే 15 శాతం తేమకు ఆరిన కట్టె అయితే 3,740 లోంచి 90 తీసేస్తే 3,650. కిలోకి కిలో చూస్తే ఒకటిన్నర రెట్లు.

పొయ్యి మీద చూద్దాం. 10 లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి మరగాలంటే 700 కిలోకేలరీలు గిన్నెలోకి చేరాలి. మామూలు మూడు రాళ్ల పొయ్యి నూటికి 10 నుంచి 15 పాళ్లే గిన్నెకు అందిస్తుంది. 12 అనుకుంటే ఎండు కట్టె 1.6 కిలోలు పడుతుంది. పచ్చిదైతే లెక్క ప్రకారమే 2.4 కిలోలు. అసలు ఖర్చు ఇంకా ఎక్కువ, ఎందుకంటే తడి కట్టెతో పొయ్యి లోపల వేడి తగ్గి, మండాల్సిన వాయువులు మండకుండానే పొగగా పోతాయి. గంగాళం అడుగున జిగురులాంటి మసి పేరుకుంటుంది, ఆ మసి పొర సెగను ఇంకా అడ్డుకుంటుంది. వంటవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ పాడవడం దీనికి అదనం.

రంపం_గొడ్డలి:
చీల్చడం గురించి. ఇక్కడ చాలామంది తారుమారు చేస్తారు. లోడు దిగగానే మొద్దులుగా వదిలేసి ఎండాక చీలుద్దామనుకుంటారు. సర్కారు తుమ్మ ఎండితే గొడ్డలి దిగదు. నార మెలిక తిరిగి ఉంటుంది, ముడులు ఎక్కువ, గొడ్డలి వెనక్కి తన్నుతుంది. నరికిన మొదటి వారం పది రోజుల్లో, పచ్చిగా ఉండగానే చీల్చేయాలి.

క్రమం ఇదీ. ముందు పొడవు కోయాలి, తర్వాత చీల్చాలి. మీ పొయ్యి నోటి లోతు కొలిచి దానికి ఒక జానెడు కలిపి పొడవు పెట్టుకోండి, మామూలుగా 45 నుంచి 60 సెంటీమీటర్లు వస్తుంది. మొద్దును నిలబెట్టి చివరి పగుళ్లు ఏ దిక్కున ఉన్నాయో చూసి ఆ గీత మీదే దెబ్బ వేయాలి. లావు మొద్దును నడిమధ్య నుంచి చీల్చబోవద్దు, అంచుల నుంచి పలకలు పలకలుగా తీసుకుంటూ లోపలికి రావాలి. పంగ వచ్చిన చోట గొడ్డలి పని కాదు. ఒక చివర పలుచగా ఉండే ఇనుప మేకును సమ్మెటతో దిగ్గొట్టాలి, లేదా పంగను రంపంతో అడ్డంగా కోసి విడగొట్టాలి. ఎంతకీ చీలని వేరు మొద్దులు, ముడులు పక్కన పెట్టండి. రాత్రి నిప్పు నిలవడానికి అవే పనికొస్తాయి.

కోత మిషన్ (గొలుసు రంపం) వాడేవాళ్లకు: ఈ కట్టె గట్టితనం ఒక ఎత్తు, బెరడు పగుళ్లలో ఇరుక్కున్న దుమ్మూ ఇసుకా మరో ఎత్తు. గొలుసు పళ్లు త్వరగా మొండిబారతాయి. పెట్రోలు నింపిన ప్రతిసారీ ఆకురాయితో పళ్లకు రెండు మూడు గీతలు పెట్టుకోవాలి. రంపపు పొట్టు రవ్వలుగా రాకుండా పిండిలా వస్తోందంటే పదును పోయినట్టే. అప్పుడు బలంగా నొక్కితే గొలుసు తిరిగే బారు వేడెక్కి గొలుసు సాగుతుంది.

కంపకోత:
లోడు కొనేవాళ్లకు అక్కర్లేదు కానీ చెట్టు నరికించేవాళ్ల కోసం రెండు మాటలు.

ముల్లు జంటలుగా కణుపు దగ్గర ఉంటుంది, ఒకటి నుంచి ఐదు సెంటీమీటర్లు. పలుచటి చెప్పు దాటి కాల్లోకి దిగుతుంది, ట్రాక్టరు టైర్లలో కూడా దిగుతుంది. పొదలోకి నేరుగా దూరకూడదు. పొడవు కామ ఉన్న కత్తితో ముందు బయటి వాలు కొమ్మలు కొట్టి, పంగల కర్రతో పక్కకు ఈడ్చి, ఒకే చోట కుప్ప వేసుకుంటూ లోపలి బోదెల దగ్గరకు చేరాలి. కొట్టిన కంప కాళ్ల కింద ఉండగా గొడ్డలి ఎత్తొద్దు.

వంగి నేలకు ఆనిన కొమ్మ విల్లులా బిగిసి ఉంటుంది. పైనుంచి ఒక్క కోతలో తెగ్గొడితే విడివడి మొహం మీదికి లేస్తుంది. ముందు లోపలి వంపు వైపు, అంటే నొక్కుకుని ఉన్న వైపు, మూడో వంతు కోసి, తర్వాత సాగిన వైపు నుంచి కొద్దికొద్దిగా కోయాలి. మనిషి కొమ్మ లేచే దారిలో నిలబడకూడదు.

ముల్లు విరిగి లోపల ఉండిపోతే, ముఖ్యంగా వేలి కీలు దగ్గర, సూదితో కెలకొద్దు. వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. డాక్టరు చేత తీయించి ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

పెద్దపొయ్యి:
ఆరడానికి ఎన్నాళ్లన్నది ఇంకా మిగిలింది. ఆరిందని ఎలా తెలుస్తుంది?

చేవకట్టె:
లావును బట్టి. మణికట్టంత లావున చీల్చినవి వేసవి గాలికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. చీల్చని 10-15 సెంటీమీటర్ల గుండ్రటి మొద్దులు నాలుగు నుంచి ఆరు నెలలు. బెరడు నీళ్లను బయటికి పోనివ్వదు, ఆ తేమ రెండు చివరల నుంచే పోవాలి. చీల్చడం వల్ల లాభం అదే.

పేర్పు ముఖ్యం. కింద రెండు వరసల రాళ్లో ఇటుకలో పెట్టి నేలకు జానెడు ఎత్తున పేర్చాలి. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం. గాలి ఏ వైపు నుంచి వీస్తుందో ఆ వైపుకు వెడల్పు ముఖం పెట్టాలి. పైన మాత్రం రేకు. పక్కలు టార్పాలిన్‌తో చుట్టేస్తే లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది. గోడకు ఆనించి పేర్చడం కూడా మంచిది కాదు, వెనక మూర ఖాళీ ఉండాలి.

ఆరిందా లేదా అన్నదానికి నమ్మకమైన పద్ధతి తూకం. లోడు దిగిన రోజే 10 కిలోల ముక్కలు తీసి గుర్తు పెట్టి, పేర్పు మధ్యలో పెట్టండి. వారానికోసారి తూచండి. 40 శాతం తేమతో వచ్చిన 10 కిలోలు 15 శాతానికి దిగేసరికి 7 కిలోలు అవుతాయి. వరసగా రెండు వారాలు బరువు కదలకపోతే ఆ కాలానికి అది ఆరగలిగినంత ఆరింది. వానాకాలంలో గాలి తేమ వల్ల 15-18 దగ్గర ఆగిపోతుంది, వేసవిలో 10కి దగ్గరగా పోతుంది.

రంపం_గొడ్డలి:
తూకం కుదరనివాళ్లు చివర్లు చూడాలి. నడిమి నుంచి అంచుకు నక్షత్రంలా పగుళ్లు వచ్చి ఉండాలి. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఖంగుమనాలి, పచ్చిదైతే మొద్దుబారిన చప్పుడు. బెరడు గోటితో లేపితే ఊడాలి. తేమ మీటర్లు కొనేవాళ్లు పై ముఖం మీద గుచ్చి చూసి మోసపోతున్నారు. పైన ఎప్పుడూ ఆరినట్టే చూపిస్తుంది. ముక్కను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మధ్యలో గుచ్చాలి.

అడితి_కాటా:
కొనుగోలు దగ్గరే సగం డబ్బు పోతుంది, అందుకే రాస్తున్నాను. ఈ కట్టె టన్నుల్లో అమ్ముతారు. 40 శాతం తేమ ఉన్న టన్నులో 400 కిలోలు నీళ్లు. మీరు టన్నుకు డబ్బు కట్టి, ఆరాక 700 కిలోలు వాడతారు. కాబట్టి పచ్చి లోడు ధర ఎండు లోడు ధరలో నూటికి 70 దాటితే పచ్చిది కొనడం నష్టం. ఆరబెట్టే జాగా, చీల్చే కూలీ కూడా కలుపుకుంటే ఆ హద్దు 60 దగ్గర పెట్టుకోవడం నయం.

ట్రక్కు కొలతకు కొంటే ఇంకో చిక్కు. వంకర కట్టె పేర్చినప్పుడు సగం గాలే. ఘనమీటరు పేర్పులో అసలు కట్టె 45 నుంచి 55 శాతం, అంటే ఎండుది సుమారు 400 కిలోలు. సరుగుడు తిన్నగా ఉంటుంది కాబట్టి అదే కొలతలో ఎక్కువ పడుతుంది. రెండింటినీ ఒకే ట్రక్కు ధరకు పోల్చకూడదు. తూకానికి కొనండి, తేమ చూసి కొనండి. లోడు మధ్యలోంచి మూడు నాలుగు ముక్కలు లాగి చివర్లు చూడకుండా కాటా ఎక్కనివ్వొద్దు. పైన ఎండు వరస, లోపల పచ్చిది పెట్టడం మామూలే.

బీడుభూమి:
అడితి_కాటా గారు చెప్పిన 60 శాతం హద్దుతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. ఏడాదికి సరిపడా ఒకేసారి వేసవి మొదట్లో కొనేవాళ్లకు ఆరబెట్టే ఖర్చు దాదాపు సున్నా, ఎండే ఆరబెడుతుంది. వాళ్లకు 70 దాకా ఫరవాలేదు. వారం వారం కొనేవాళ్లు మాత్రం పచ్చి లోడు ఏ ధరకూ తీసుకోకూడదు.

అడితి_కాటా:
ఒప్పుకుంటాను. నేను రాసింది నెలకో లోడు కొనేవాళ్లను దృష్టిలో పెట్టుకుని.

పుచ్చు_పురుగు:
పొడి రాలడం గురించి ఎవరూ తీసుకోలేదు. సర్కారు తుమ్మ ముక్క అడ్డంగా కోస్తే బయట పసుపుపచ్చటి తెల్ల చెక్క, లోపల ఎర్రటి గోధుమరంగు చేవ కనిపిస్తాయి. చేవను పురుగూ చెదలూ తేలిగ్గా ముట్టవు. తెల్ల చెక్కలో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగుకు కావలసింది అదే. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద మెత్తటి పిండి కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టు. లేత కొమ్మల్లో అంతా తెల్ల చెక్కే కాబట్టి అవే ముందు పోతాయి. సంవత్సరం నిల్వ పెట్టిన సన్న కట్టె చేత్తో విరిస్తే పొడిపొడి అయ్యేది అందుకే. బరువు పోయిందంటే సెగ పోయినట్టే.

చేయాల్సినవి: సన్న కొమ్మలు ముందు వాడేయాలి, మూడు నాలుగు నెలలకు మించి ఉంచొద్దు. నిల్వకు ముదురు మొద్దుల చీలికలే పెట్టాలి. వీలైతే లావు ముక్కల బెరడు ఊడదీయాలి, బెరడు కిందే గుడ్లు పెట్టే పురుగులు కొన్ని ఉన్నాయి. పాత పేర్పు మీద కొత్త లోడు వేయొద్దు. వంటకు వాడే కట్టె మీద పురుగుమందు చల్లడం మాత్రం వద్దే వద్దు. ఆ పొగ వంటింట్లోకే వస్తుంది.

ఇంకోటి. పేర్పు కింద తేళ్లు, పాములు చేరతాయి. నేలకు ఎత్తున పేర్చమన్నది అందుకూ పనికొస్తుంది. కింద చెయ్యి పెట్టి లాగకుండా పై వరస నుంచే తీయాలి.

పెద్దపొయ్యి:
ఇంతవరకు అందరూ చెప్పింది అర్థమైంది. పొయ్యిలో పెట్టే తీరు? సరుగుడుతో పోలిస్తే ఇది అంటుకోవడానికి సతాయిస్తోందని వంటవాళ్ల ఫిర్యాదు.

నిప్పుకణిక:
బరువు కట్టె నిదానంగా అంటుకోవడం సహజం. దాని గుణమూ అదే, ఇబ్బందీ అదే. కిరోసిన్ పోసి అంటించడం పరిష్కారం కాదు, అది పైపైన మండి ఆరిపోతుంది.

అడుగున కొబ్బరి పీచు లేదా ఎండుటాకు గుప్పెడు, దాని మీద కందికట్టె గానీ పత్తికట్టె గానీ రెండు గుప్పెళ్లు, ఆ పైన వేలంత సర్కారు తుమ్మ చిదుగులు ఏడెనిమిది, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. అవి బాగా అంటుకున్నాక బొటనవేలి లావువి, పది నిమిషాలకు మణికట్టు లావువి. మొదటే లావు కట్టె పెడితే చిదుగుల వేడి అంతా అది పీల్చేసుకుని నల్లబడి ఊరుకుంటుంది. వంటవాళ్లు చెప్పే సతాయింపు ఇదే. లోడులో వచ్చే సన్న పుల్లలను పారేయకుండా విడిగా కట్టలు కట్టి పెట్టుకోవాల్సింది ఇందుకోసమే.

మంట నిలబడ్డాక పొయ్యి నోటిలో మూడో వంతు ఖాళీ ఉండాలి. చాలామంది నోరు నిండా కుక్కుతారు. గాలి లోపలికి పోయే దారి లేక పొగ ఎదురు తన్నుతుంది. కట్టె కింద ఇనుప జల్లెడ ఉంటే గాలి అడుగు నుంచి వస్తుంది, బూడిద కిందికి రాలుతుంది. గంగాళం పొయ్యికి నాలుగు కట్టెలు చివర్లు దగ్గరగా, మధ్యలో వేలెడు సందుతో పెట్టండి. ఒక్క కట్టె ఒంటరిగా మండదు, రెండు ముఖాలు ఎదురెదురుగా ఉంటే ఒకదాని సెగ ఇంకొకటి అందుకుంటుంది. ఇది సర్కారు తుమ్మలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. కణికలు పట్టాక కొరివిని లోపలికి జరుపుతూ పోవడమే, కొత్త కట్టె పెట్టే తొందర వద్దు. ఎసరు పొంగిన తర్వాత కొరివిని బయటికి లాగి కణికల మీదే మగ్గనిస్తే చాలు.

లాగిన కొరివిని నీళ్లతో ఆర్పితే మళ్లీ తడి కట్టె అవుతుంది. ఇసుకలో గుచ్చండి, లేదా మూతున్న ఇనుప డబ్బాలో వేసి మూయండి. డబ్బాలో మిగిలేది బొగ్గు, అదీ పనికొస్తుంది.

బట్టీపొగ:
బొగ్గు మాట వచ్చింది కాబట్టి. సర్కారు తుమ్మకు అసలు విలువ బొగ్గులోనే ఉందని నా అభిప్రాయం. బరువు కట్టె బరువు బొగ్గునిస్తుంది, కొలిమికి, ఇస్త్రీకి, కాల్చిన వంటలకు గట్టిగా నిలుస్తుంది. కిలోకి 7,000 కిలోకేలరీల పైన వేడి. కట్టె నుంచి బొగ్గుకు దిగుబడి మట్టి బట్టీలో నూటికి 15 నుంచి 25. అంటే కిలో బొగ్గుకు నాలుగు నుంచి దాదాపు ఏడు కిలోల కట్టె. ఆ తేడా అంతా తేమ, పేర్పు, గాలి అదుపు వల్ల వచ్చేదే.

మట్టి బట్టీలో తప్పులు జరిగే చోట్లు చెబుతాను. కట్టె కనీసం నెల ఆరాలి. పచ్చిదైతే ఆ నీళ్లు ఆవిరి చేయడానికి బట్టీలోని కట్టే కాలి బూడిదవుతుంది. లావు మొద్దులు నడుమ, సన్నవి అంచులకు, సందులు పుల్లలతో నింపాలి. పైన గడ్డీ పచ్చి ఆకూ కలిపి జానెడు మందం, దాని మీద మట్టి జానెడు. ఆకు వేయకపోతే మట్టి కట్టెల సందుల్లోకి జారి బొగ్గులో కలుస్తుంది. ఒట్టి బంకమట్టి ఎండి పగులుతుంది, ఇసుక కలిసిన మట్టి మేలు, పాత బట్టీ మట్టి అన్నిటికంటే మేలు. అడుగున చుట్టూ ఆరు నుంచి ఎనిమిది గాలి రంధ్రాలు.

పొగే గడియారం. మొదట దట్టంగా తెల్లగా వస్తుంది, అది నీటి ఆవిరి. తర్వాత పసుపు కలిసి ఘాటుగా, కళ్లు మండేలా వస్తుంది, కట్టె విడిపోతోందన్నమాట. చివరికి పలచగా నీలంగా మారి దాదాపు కనిపించకుండా పోతుంది. నీలం కనిపించిన రంధ్రం వెంటనే మూసేయాలి. ఆలస్యం చేసిన ప్రతి గంటా బొగ్గు బూడిదవుతుంది. రెండు టన్నుల లోపు బట్టీకి కాలడానికి మూడు నుంచి ఐదు రోజులు, చల్లారడానికి రెండు మూడు రోజులు. ఈ రోజుల్లో మనిషి కాపలా తప్పదు. పైకప్పు ఎక్కడైనా కుంగితే గాలి చొరబడుతుంది, వెంటనే ఆకూ మట్టీ వేసి పూడ్చాలి. కుంగిన చోట కాలు పెడితే లోపలికి దిగుతుంది, పలక వేసుకుని దూరం నుంచే పని చేయాలి.

తెల్లవారకముందు చీకట్లో తెరిస్తే మిగిలిన నిప్పు కంటికి కనిపిస్తుంది. తీసిన బొగ్గును ఒక రోజంతా ఆరుబయట పలుచగా పరచాలి. తాజా బొగ్గు గాలి పీల్చి తనంత తానే వేడెక్కుతుంది, వెంటనే గోనెల్లో నింపి లారీలో వేస్తే దారిలో అంటుకునే ప్రమాదం ఉంది.

నిప్పుకణిక:
బట్టీపొగ గారి మాటకు ఒక జాగ్రత్త కలుపుతున్నాను. ఈ జాతి బొగ్గు అంటించేటప్పుడు చిటపటలాడి రవ్వలు ఎగురుతాయి, ముఖ్యంగా తేమ పీల్చింది, సరిగ్గా కాలనిది. అంటించాక కణికల మీద బూడిద పొర పడేదాకా దగ్గరకు వంగొద్దు. నూలు బట్ట, గోనెలు దరిదాపుల్లో ఉండకూడదు. మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, పొగ కనిపించదు.

పొగాకు_బ్యారన్:
బ్యారన్‌కి (పొయ్యి వేడిని గొట్టాల్లో తిప్పి పొగాకు ఆరబెట్టే కొట్టుకి) పనికొస్తుందా అని అడగబోయేవాళ్ల కోసం. పనికొస్తుంది, కానీ అన్ని దశలకూ ఒకేలా కాదు. ఆకు పసుపుకు తిరిగే దశలో 32 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ చాలు. అప్పుడు సర్కారు తుమ్మ లావు మొద్దులు వేస్తే కణికలు పేరుకుని వేడి హద్దు దాటుతుంది, వెనక్కి తగ్గించడం గంటల పని. ఆకు పచ్చిగానే ఎండిపోతుంది. ఆ దశకు సుబాబుల్ లాంటి తేలిక కట్టె లేదా దీని సన్న కొమ్మలే వాడాలి. ఈనె ఎండే చివరి దశలో 70 డిగ్రీల దాకా నిలకడ వేడి కావాలి, అక్కడ ఈ మొద్దులకు సాటి లేదు. పచ్చి కట్టె వేస్తే గొట్టాల లోపల తారు పేరుకుంటుంది. ఎక్కడో అతుకు దగ్గర సన్న చీలిక ఉంటే పొగ ఆకుకు పడుతుంది, తారు అంటుకుంటే బ్యారనే పోతుంది. సీజను ముందు గొట్టాలన్నీ విప్పి మసి దులిపి అతుకులు చూసుకోవాలి.

పెద్దపొయ్యి:
బూడిద చాలా వస్తుందా? పెరట్లో కూరమడులకు వేయొచ్చా?

బీడుభూమి:
ఎండు కట్టెలో సుమారు రెండు శాతం. బెరడు ఎక్కువున్న సన్న కొమ్మలు వాడితే కొంచెం పెరుగుతుంది. 100 కిలోలకు రెండు మూడు కిలోలు అనుకోండి. పొటాష్, సున్నం ఉంటాయి కానీ క్షారం ఘాటు, ఉదజని సూచిక (pH) 10 దాటుతుంది. మీది చౌడు నేల గానీ, సున్నం ఎక్కువున్న నల్లరేగడి గానీ అయితే వేయొద్దు, ఉన్న రోగం ముదురుతుంది. ఎర్రనేలలో, అదీ చదరపు మీటరుకు గుప్పెడు మించకుండా, ఏడాదికోసారి. యూరియాతో కలిపి చల్లితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. నిప్పు పూర్తిగా చచ్చిందని చూశాకే చల్లండి. అంట్లకు ఒట్టి చేతుల్తో ఎక్కువసేపు రుద్దితే చర్మం పగులుతుంది.

కంపకోత:
ఒక్క విన్నపం. లోడుతో పాటు కాయలు రాకుండా చూడండి. పండిన కాయ తియ్యగా ఉంటుంది, గొడ్లు ఇష్టంగా తింటాయి, గింజ గట్టి పెంకుతో పేడలో అలాగే బయటపడి మొలుస్తుంది. ఆకును మేకలు కూడా పెద్దగా ముట్టవు కాబట్టి మొలకను ఏదీ తినదు. కాయలున్న కొమ్మలు నరికిన చోటే దులిపి, వాటిని కాల్చేయడం మంచిది.

నరికించేవాళ్లు ముందే తేల్చుకోవాలి, చెట్టు మళ్లీ కావాలా వద్దా అని. కావాలంటే నేలకు 10-15 సెంటీమీటర్ల ఎత్తున ఏటవాలుగా, మోడు చీలకుండా కోయాలి. గుత్తిగా పిలకలొస్తాయి. ఆరు నెలలకు బలమైనవి మూడు ఉంచి మిగతావి తీసేస్తే నాలుగైదేళ్లకు మళ్లీ తిన్నటి కట్టె చేతికొస్తుంది. పిలకలు వదిలేస్తే పొదే మిగులుతుంది, కట్టె రాదు. వద్దనుకుంటే నేల మట్టానికి కోసి లాభం లేదు. చిగురు మొగ్గలు వేరు మొదట్లో, మట్టి లోపల ఉంటాయి. చుట్టూ తవ్వి జానెడు లోతున వేరును తెంపి మొద్దు పెకలించాలి. ఆ వేరు మొద్దే అన్నిటికంటే బరువైన కట్టె, వదిలేయకండి. చెరువు శిఖం, పోరంబోకు భూముల్లో నరకడానికి ముందు పంచాయతీని, అటవీ శాఖను అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

పెద్దపొయ్యి:
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న. ఇంట్లో పాత సరుగుడు రెండు టన్నులుంది. రెండూ కలిపి మండించొచ్చా, వేర్వేరుగానా?

నిప్పుకణిక:
కలపొచ్చు. సరుగుడు చీలికలతో మంట లేపి, నిలిచాక సర్కారు తుమ్మ మొద్దులు వేయండి. ఒకే పొయ్యిలో ఒకటి బాగా ఎండిందీ ఒకటి పచ్చిదీ మాత్రం కలపొద్దు, ఎండుది కాలిపోయి పచ్చిది నల్లటి కొరివిగా మిగులుతుంది. కొత్త లోడు ఆరే రెండు నెలలకు ఆ సరుగుడే వాడుకోండి. పొయ్యి రోజుకు ఎన్ని కిలోలు తింటుందో ఒక వారం తూచి రాసుకుంటే, రెండు టన్నులు ఎన్నాళ్లు వస్తాయో, కొత్త లోడు ఎప్పుడు దింపాలో తేలిపోతుంది.